సైరన్ తర్వాత మిగిలిన డిమాండ్లు

సెంటినరీ కాలనీ చుట్టుపక్కల బొగ్గు బాయిల్లో పోశం ఉపన్యాసం వినని కార్మికుడు లేడు. పూర్తిగా విన్నవాడూ లేడు.

తప్పు తనది కాదు, సైరన్‌ది అని పోశం అభిప్రాయం. గని దగ్గర గేటు మీటింగు ఎట్లా జరుగుతుందో తెలిస్తే ఎవరికైనా ఈ సంగతి అర్థమవుతుంది. మొదటి షిఫ్టు వాళ్ళు పొద్దున్నే వచ్చి, హాజరు వేయించుకునే ముందు గేటు దగ్గర కాసేపు నిలబడతారు. లోపలికి బీడీ, అగ్గిపెట్టె పోవు కనుక ఆఖరి బీడీ అక్కడే కాలుస్తారు. ఆ బీడీ కాలేలోపల యూనియన్ నాయకుడు మైకు పట్టుకుని చెప్పవలసింది చెప్పెయ్యాలి. సైరన్ కూసిందంటే గేటు ఖాళీ. సైరన్ కూసినా ఆగి వినవలసినంత గొప్ప మాట ఆ గేటు దగ్గర ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

మిగతా నాయకులు తెలివైనవాళ్ళు. ముందు డిమాండ్లు చెప్పి, తర్వాత తిట్లు తిట్టి, సైరన్‌కు ముందే దిగిపోయేవారు. పోశం అట్లా కాదు. సంగతి మొదలు తెలియకుండా డిమాండ్ అడిగితే ఏం లాభమని ఆయన మొదటినుంచి మొదలుపెట్టేవాడు. మొదలు అంటే ఈ నేలలో బొగ్గు దొరికిన రోజు. అక్కడినుంచి బయలుదేరి, నిజాం కాలం దాటి, చెమ్మసుతో తోడి తట్టతో బొగ్గు మోసిన తట్టా చెమ్మసూ కాలం దాటి, వర్తమానానికి వచ్చి గొంతు సవరించుకుని, "ఇగ మన డిమాండ్లు ఏందంటే..." అనేసరికి సైరన్ కూసేది. ఏళ్ళ తరబడి అదే తంతు. ఆయన యూనియన్ గుర్తింపు సంఘం ఎన్నికల్లో ఓడిపోయినప్పుడు ప్రత్యర్థులు ఆయన్ని ఒక్క మాట అనలేదు. అన్నవాళ్ళంతా సొంత యూనియన్ వాళ్ళే.

డ్యూటీలో పోశం టింబర్‌మన్. అంటే బాయి లోపల పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టేవాడు. ఆ పనిలో ఆయనకు ఎవరూ వంక పెట్టలేదు. కానీ ఆయన దాన్ని బతుకుతెరువు అనుకున్నాడే గాని పని అనుకోలేదు. అసలు పని గేటు దగ్గరిది.

ఇంట్లో భార్య సమ్మవ్వ ఆయన డిమాండ్లు వినాల్సి వచ్చేది. అన్నం తింటూ మొదలుపెట్టేవాడు. ఆమె చారు పోసే వరకు ఓపిక పట్టి, తర్వాత, "సైరనైంది, లే, చెయ్యి కడుక్కో," అనేది.

ఇక కూతురు రమ. చిన్నప్పుడు బడిలో పిల్లలు ఆమెను చూసి గొంతు సవరించుకుని, "ఇగ మన డిమాండ్లు ఏందంటే" అనేవాళ్ళు. అప్పటినుంచి ఆమె గేటు ముందున్న రోడ్డు వదిలేసి క్వార్టర్ల వెనక దారిన బడికి పోయేది. పాలిటెక్నిక్ చదివి, కాలనీలోని ఆఫీసు మార్కెట్‌లో కంప్యూటర్ సెంటర్ పెట్టుకున్నా సరే, అదే వెనక దారి. తండ్రి ఉపన్యాసం ఆమె ఒక్కసారి కూడా నిలబడి వినలేదు. పోశానికి ఇది ముల్లులా గుచ్చుకునేది. యూనియన్ గెలవకపోయినా ఫరవాలేదు గాని, గేటు దగ్గర తాను చేసేది కూడా ఒక పనేనని బిడ్డ ఒక్కసారి ఒప్పుకుంటే చాలని ఆయనకు ఉండేది. ఈ డిమాండ్ మాత్రం ఆయన ఎవరి ముందూ పెట్టలేదు.

రెండువేల ఆరో సంవత్సరంలో రమ సెంటర్‌కు కష్టం వచ్చింది. ఆమె మిషన్లలో ఉన్నది ఊళ్ళో అందరి మిషన్లలో ఉన్నదే, కాపీ కొట్టిన సాఫ్ట్‌వేర్. ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ తరఫు మనిషి ఒకాయన మెడలో టై కట్టుకుని, రామగుండం ఎండకు టై తడిసిపోయి, సెంటర్ సెంటర్ తిరుగుతూ బిల్లులు అడిగాడు. బిల్లులు లేకపోతే మిషన్లు ఎత్తుకుపోతామని మర్యాదగా చెప్పి, ఒక గ్లాసు మంచినీళ్ళు అడిగి తాగి వెళ్ళాడు.

మిగతా సెంటర్ల వాళ్ళు ఆయన మళ్ళీ వచ్చేదాకా చూద్దామనుకున్నారు. రమకు ఆ రకం ధైర్యం లేదు. తనతో చదివిన డెబోరా అప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ, తీరిక దొరికితే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రచారం చేస్తుండేది. డెబోరా తండ్రి యోనా బొగ్గు కంపెనీలో క్లర్కు, ఆదివారం చర్చిలో ప్రసంగించేవాడు. ఆ ప్రసంగాల అలవాటు కూతురికి సాఫ్ట్‌వేర్ వైపు దిగింది. ఆమె సంచీ నిండా ఎవరైనా ఊరికే వాడుకోగలిగే లినక్స్ సీడీలు తెచ్చి, రమ ముందు కూర్చుని చెప్పింది.

"దీన్ల ఏం రాసిండ్రో ఎవరైనా చదువుకోవచ్చు రమా. మార్చుకోవచ్చు. పక్కోళ్ళకు ఇయ్యొచ్చు. ఇది దొంగతనం కాదు. ఇయ్యాలనే రాసిండ్రు."

రమ ముందు మిషన్లు కాపాడుకుందామని వేయించుకుంది. నెల తిరగకుండా ఆమెకు దానిమీద నిజంగానే ప్రేమ పుట్టింది. ఏదైనా సరిగా పనిచెయ్యకపోతే లోపలికి చూసి ఎందుకు చెయ్యడం లేదో తెలుసుకోవచ్చు. ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు జవాబు రాస్తాడు. ఆమె కూడా తెలుగు మెనూల కోసం మాటలు రాసి పంపింది. అవి తెరమీద కనిపించిన రోజు మార్కెట్లో ఉన్న అందరినీ పిలిచి చూపించింది. వాళ్ళు చూసి, బాగుందమ్మా అని, మిర్చిబజ్జీలు కొనుక్కోవడానికి వెళ్ళిపోయారు.

కష్టం ఇక్కడే ముదిరింది. గోదావరిఖనిలో కంప్యూటర్లు అమ్మే వేణుమాధవ్ అనే షాపాయన ఉండేవాడు. చెడ్డవాడు కాదు, వ్యాపారి. తన కౌంటర్ దగ్గరికొచ్చిన ప్రతి తండ్రితోనూ, "ఊరికె వచ్చేదాంట్ల ఏముంటది కాక, పిల్లల భవిష్యత్తు చూసుకోవాలె గద," అన్నాడు. తండ్రులు పిల్లల్ని మాన్పించి టౌనులోని సెంటర్లకు పంపారు. రమ సెంటర్లో కుర్చీలన్నీ ఖాళీ అయ్యాయి. అద్దె కట్టలేక వచ్చే నెల మూసేస్తానని ఆమె తల్లితో చెప్పింది.

సమ్మవ్వ ఆ మాట భర్తకు చేరవేసింది. పోశం ఎప్పుడూ అడుగుపెట్టని సెంటర్‌కు వచ్చి కూర్చున్నాడు. రమ మిషన్ల మీద దుమ్ము తుడుస్తోంది.

"ఏంది బిడ్డా, లొల్లి ఎవలతోని?"

"ఎవలతోని లేదు బాపు. నీకు చెప్పినా సమజ్ కాదు."

"చెప్పి చూడు. సమజ్ కాకుంటే పోత."

రమ చెప్పింది. ఒకరు రాసినదాన్ని తాళం వేసి పెట్టుకుంటే మిగతావాళ్ళకు పని రాదని, తాళం వెయ్యకుండా రాసేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారని, వాళ్ళకు పేరు లేదని. పోశం ఒక మిషన్‌ను వేళ్ళతో తట్టి చూశాడు. తర్వాత అన్నాడు.

"అంటే దిమ్మె పెట్టుడు లెక్కనే. నాకు మా మేస్త్రి నేర్పిండు, నేను పక్కోనికి నేర్పిన. పని నేర్పకుంట దాసుకుంటే పైకప్పు ఇద్దరి మీద పడుతది. గిండ్ల సమజ్ కానిది ఏమున్నది?"

రమ తుడవడం ఆపి తండ్రివైపు చూసింది. ఆ చూపుతో పోశానికి ఊపిరి వచ్చినట్టయింది. ఆ ఊపులో ఆయనకు తెలిసిన ఒకే ఒక్క సాయం చేశాడు. మర్నాడు గేటు మీటింగు పెట్టాడు.

రమను రమ్మని అడిగాడు. సెంటర్ ఊడ్వాలి అని ఆమె చెప్పింది. ఖాళీ సెంటర్‌ను ఊడ్చేదేముందో ఆయన అడగలేదు.

మీటింగు ఎప్పటిలాగే సాగింది. నేలలో బొగ్గు దొరికింది. నిజాం వచ్చాడు, పోయాడు. అయితే ఈసారి వర్తమానానికి కాస్త జల్దీగా వచ్చాడు. దిమ్మె పని సంగతి చెప్పాడు. నేర్పకుండా దాచుకుంటే పైకప్పు ఇద్దరి మీద పడుతుందన్నాడు. కప్పు కూలి తోటివాళ్ళను పోగొట్టుకున్నవాళ్ళు అక్కడ కొందరు ఉన్నారు. వాళ్ళు బీడీలు నోట్లోంచి తీశారు. "ప్రపంచమంత గిట్ల తాళం లేకుంట పనిచేసేటోళ్ళు ఒక్కటైతున్నరు," అన్నాడు పోశం. "మన ఊర్ల గూడ మొదలైంది. ఆఫీసు మార్కెట్ల మా రమ సెంటర్. ఇగ అసలు గది ఏందంటే..."

సైరన్ కూసింది.

కార్మికులు బాయిలోకి దిగి, దారి పొడుగునా ఆలోచించి, అది ఏమిటో తేల్చుకున్నారు. కొత్త యూనియన్. ప్రపంచమంతా ఉందట. ఆఫీసు మార్కెట్లో ఉంది. ఆ బొగ్గు బెల్టులో ఎవరైనా గేటు దగ్గర మైకు పట్టుకుని, ఒక్కటైతున్నరు అంటే దానికి వేరే అర్థం లేదు. షిఫ్టు దిగగానే పోశం దోస్తు రాజం పదిమందిని వెంటబెట్టుకుని క్వార్టర్‌కు వచ్చాడు.

"పోశన్నా, జెండా ఏ రంగు?"

"జెండా లేదు."

"చందా ఎంత?"

"చందా లేదు."

రాజం వెనకవాళ్ళ వైపు తిరిగాడు. చందా అడగని యూనియన్‌ను వాళ్ళు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఇది చాలా పెద్ద యూనియన్ అయి ఉండాలని అందరికీ తోచింది.

వాళ్ళ పొరపాటు పోశానికి అప్పుడే తెలిసింది. సరిదిద్దుదామని నోరు తెరిచాడు కూడా. కానీ ఓడిపోయిన దగ్గరినుంచి తన గడపకు పదిమంది కలిసి రావడం అదే మొదటిసారి. తెరిచిన నోటితో, "పిల్లలను సెంటర్‌కు పంపుండ్రి, అన్నీ తెలుస్తయి," అన్నాడు. ఇందులో అబద్ధం ఒక్క అక్షరం లేదని తర్వాత సమ్మవ్వతో వాదించాడు. సమ్మవ్వ సైరనైందని చెప్పింది.

పిల్లలు వచ్చారు. యూనియన్ పని కనుక తండ్రులు మారు మాట్లాడకుండా పంపారు. కుర్చీలు చాలక స్టూళ్ళు తెచ్చుకున్నారు. పిల్లలకు యూనియన్ గొడవ పట్టలేదు, నేర్చుకున్నారు. రమ ఎందుకొచ్చారని ఒకరిద్దరిని అడిగి, జవాబు విని, కాసేపు గోడవైపు తిరిగి నిలబడి, తర్వాత పాఠం మొదలుపెట్టింది. తండ్రిని ఏమీ అనలేదు. మంచిదని గాని, చెడ్డదని గాని.

ఇట్లాంటిది మేనేజ్‌మెంటుకు తెలియకుండా ఉండదు. పర్సనెల్ ఆఫీసర్ పోశాన్ని పిలిపించి, కుర్చీ వేయించి, చాయ్ తెప్పించాడు.

"కొత్త సంఘం అంటున్నారు. మంచిది. మీ డిమాండ్లు ఏమిటో చెప్పండి, రాసుకుంటాం."

పోశం బతుకులో ఆయన్ని డిమాండ్లు చెప్పమని ఎవరూ అడగలేదు. సైరన్ లేదు. చాయ్ ఉంది. ఆఫీసర్ పెన్ను మూత తీసి ఎదురుచూస్తున్నాడు. కానీ ఈ కొత్త సంఘం పేరు మీద ఆయన దగ్గర ఒక్క డిమాండ్ కూడా లేదు.

"అడిగి చెప్త సార్," అని లేచి వచ్చి, నేరుగా సెంటర్‌కు పోయాడు.

"బిడ్డా, మీ డిమాండ్లు ఏంది?"

"మాకు డిమాండ్లు లెవ్వు బాపు. మేం ఎవలనూ అడుగం. కావలసింది మేమే రాసుకుంటం."

పోశం స్టూలు మీద కూలబడ్డాడు. డిమాండ్ లేని పోరాటం ఆయన ఊహకు అందలేదు. "మల్ల గెలిచినట్టు ఎట్ల తెలుస్తది?" అని అడిగాడు. రమ నవ్వి, పిల్లల వైపు పోయింది. ఆ ప్రశ్నకు జవాబు ఆమె దగ్గరా లేదు, ఆ సంగతి ఆమెకు అప్పుడు తెలియదు. డిమాండ్లు లేవని విన్న పర్సనెల్ ఆఫీసర్ ఇందులో ఏదో పెద్ద ఎత్తు ఉందని కొన్నాళ్ళు చాలా జాగ్రత్తగా ఉన్నాడట.

దసరాకు బోనసు పడ్డాక కార్మికులు పిల్లలకు కంప్యూటర్లు కొనడానికి వేణుమాధవ్ షాపుకు వెళ్ళారు. తాళం లేని మిషన్ కావాలన్నారు. ఒకరు కాదు, గుంపులు గుంపులుగా అన్నారు. ఆ బెల్టులో ఏది అడిగినా గుంపుగానే అడుగుతారు. వేణుమాధవ్ రెండు రోజులు వాదించి, మూడో రోజు షాపు ముందు బోర్డు పెట్టాడు. 'ఇచ్చట లినక్స్ మిషన్లు దొరుకును.' ఏడాది తిరిగేసరికి ఆయనకు మిషన్లు పంపే పెద్ద కంపెనీ కూడా కొన్ని రకాలను ఫ్యాక్టరీలోనే లినక్స్ వేసి పంపడం మొదలుపెట్టింది. పైగా అది చవక. రమ ఆ బోర్డు చూడటానికి గోదావరిఖని దాకా ఆటోలో పోయి, దాని కింద నిలబడి ఫోటో తీసుకుని డెబోరాకు పంపింది.

షాపు వెనక గదిలో వేణుమాధవ్ మనిషి, కొన్నవాళ్ళు కోరితే, అదే మిషన్‌లో లినక్స్ తుడిచేసి కాపీ సాఫ్ట్‌వేర్ వేసి ఇచ్చేవాడు. చాలామంది కోరారు. ఈ సంగతి రమకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ రోజు ఆమె అన్నం తినలేదు.

ఏళ్ళు గడిచాయి. ఇంటింటికీ మిషన్లు వచ్చాక సెంటర్‌కు వచ్చేవాళ్ళు తగ్గారు. పోశం రిటైరయ్యాడు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చినప్పుడు బాయిలన్నీ ఆగిపోయాయి, గేట్ల దగ్గర జనం విరగబడ్డారు. మైకు పట్టుకోవడానికి వచ్చిన నాయకులు ఎక్కువై పోశానికి వంతు రాలేదు. సమ్మె రోజుల్లో ఉపన్యాసాన్ని మధ్యలో ఆపే సైరన్ కూడా లేదు. ఆ ఒక్క అవకాశం అట్లా పోయిందని ఆయన చాలాకాలం బాధపడ్డాడు.

రాష్ట్రం రావడం ఖాయమైన ఏడు, రమ సెంటర్ మూసేసింది. కాలనీలో ఒక ప్రైవేటు బళ్ళో పాఠాలు చెప్పే పని దొరికింది. అదే నెల పోశం వేణుమాధవ్ షాపులో టచ్ ఫోను కొన్నాడు. వేణుమాధవ్ ఇప్పుడు ఎక్కువగా ఫోన్లే అమ్ముతున్నాడు. పోశం ఫోను తెచ్చి కూతురికి ఇచ్చి, ఎట్లా వాడాలో చూపమన్నాడు. రమ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీని నడిమిట్ల ఉన్నది మనదే బాపు."

"ఏది మనది?"

"లినక్స్. నువ్వు గేటు కాడ చెప్పినవు గద, గదే. ఈ ఫోన్ల, వేణుమాధవ్ అమ్మే ఫోన్లల్ల చాన మట్టుకు గదే ఉన్నది. పెద్ద పెద్ద కంపెనీల మిషన్లు గూడ దానిమీదనే నడుస్తున్నయట. డెబోరా చెప్పింది."

"మరి గెలిచినట్టే గద."

రమ ఫోను బల్లమీద పెట్టింది. "లోపల మనది పెట్టుకున్నరు. చుట్టూర తాళం ఏసుకున్నరు. నేను తెరిచి చూస్తనంటే వారంటీ పోతదంటరు. అప్పుడు ఊరికె వచ్చేదాంట్ల ఏముంటదన్నోళ్ళే ఇప్పుడు దాంతోని ఏలుతున్నరు. మనం గెలిచినమో ఓడినమో నాకు తెలుస్తలేదు బాపు." ఇన్నేళ్ళలో తండ్రి ముందు ఆమె కళ్ళు తుడుచుకోవడం అదే మొదటిసారి.

పోశం ఆమె ఏడుపు ఆగేదాకా కూర్చున్నాడు. గెలుపో ఓటమో తెలియకపోవడంలో ఆయనకు చాలా అనుభవం ఉంది.

"బాయిలకు నడిచి దిగలేక మోకాళ్ళు పోతున్నయని, కుర్చీల బండి కావాలని మేం ఎన్ని ఏండ్లు కొట్లాడినం. లాఠీలు తిన్నం. ఆఖరికి పెట్టిండ్రు. రిబ్బన్ కత్తిరించిన నాడు మమ్ముల పిలువలేదు. రాయి మీద వేరేటోళ్ళ పేర్లు రాసుకున్నరు. మా మీద ఉమ్మేసినోడు గూడ దాన్ల కూసొని దిగిండు. నేను గూడ కూసొని దిగిన."

"నీకు కోపం రాలే?"

"వచ్చింది. తెల్లారి గేటు మీటింగు పెట్టిన. బండి వచ్చింది, బాగనే ఉన్నది, మనం అడిగిన తీరుగ ఇంక లేదు, ఇగ మన డిమాండ్లు ఏందంటే అన్న." కాస్త ఆగి, "సైరనైంది," అన్నాడు.

రమ నవ్విందో ఏడ్చిందో చెప్పడం కష్టం.

మర్నాడు పొద్దున పోశం పెట్టెలోంచి పాత తువ్వాల తీసి భుజాన వేసుకుని, మైకాయన్ని బతిమాలి గేటు దగ్గరికి పోయాడు. జనం పెద్దగా లేరు. ఉన్నవాళ్ళు ఫోన్లు చూసుకుంటున్నారు. ఆయన నేలలో బొగ్గు దొరికిన రోజునుంచి మొదలుపెట్టాడు. నిజాం కాలంలో ఉండగా రోడ్డు వైపు చూశాడు. రమ వస్తోంది. వెనక దారిన కాదు, గేటు ముందు రోడ్డునే వస్తోంది. చేతిలో బడి సంచీ ఉంది. బడికే పోతుందేమో అనుకుని ఆయన నిజాంను వదల్లేదు. ఆమె వచ్చి చాయ్ అమ్మే డబ్బా కొట్టు పక్కన నిలబడింది. ఎవరైనా గుర్తుపడతారని తలమీద కొంగు కూడా కప్పుకోలేదు.

ఆమెను చూశాక పోశానికి ఎక్కడున్నాడో తప్పిపోయింది. తట్టా చెమ్మసూ కాలం మళ్ళీ రెండోసారి చెప్పాడు. దిమ్మె సంగతి చెప్పాడు. మీ జేబుల్లో ఉన్నది ఎవరు రాశారో తెలుసా అని అడిగాడు. ఒకరిద్దరు ఫోన్లలోంచి తలలెత్తారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఇగ మన డిమాండ్లు ఏందంటే..."

సైరన్ కూసింది. అందరూ బీడీలు పారేసి, ఫోన్లు గేటు దగ్గర ఇచ్చేసి లోపలికి పోయారు. మైకాయన వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు. పోశం అలవాటు ప్రకారం భుజంమీది తువ్వాల తీసి మొహం తుడుచుకుని, మెట్టు దిగబోయాడు.

రమ నిలబడ్డ చోటే నిలబడి ఉంది.

"ఆపినవేంది బాపు? డిమాండ్లు చెప్పు."

"బడికి టైమైతది బిడ్డా."

"కానియ్యి. సెలవు పెట్టిన."

ఆమె చాయ్ డబ్బా ముందున్న బల్లమీద కూర్చుని సంచీ పక్కన పెట్టుకుంది. పోశం మళ్ళీ మెట్టెక్కాడు. మైకు లేదు. వినేది ఒక్క మనిషే కనుక అవసరమూ లేదు. తువ్వాల భుజాన వేసుకున్నాడు. ముందుకు ఏం చెప్పాలో ఆయనకు నోటికి వచ్చు. ఇన్నేళ్ళూ చారు పోసే సమ్మవ్వకు తప్ప ఎవరికీ చెప్పలేదు, అంతే.

"మొదటిది," అన్నాడు పోశం. గొంతు సవరించుకున్నాడు. చాయ్ డబ్బా నడిపే ఆయన గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. తాగి, మళ్ళీ మొదటినుంచి అందుకున్నాడు.